ఉదారవాదం, సామ్యవాదం: రెండు మాటల చరిత్ర

రాజకీయ గ్రంథాలను తెనుగు చేసే వారికి మొదట అడ్డువచ్చే మాటలు రెండు: లిబరలిజం, కమ్యూనిజం. మొదటి దానికి మూలమైన లాటిన్ పదానికి స్వేచ్ఛాజీవి అని అర్థం. దానగుణం కలవాడనే అర్థం దాని నుండి పుట్టినదే. మన అనువాదకులు ఈ రెండవ అర్థాన్ని గ్రహించి 'ఉదారవాదం' అన్నారు. స్వేచ్ఛ జారిపోయి దాతృత్వం మిగిలినది. రెండవ మాటకు మూలార్థం 'ఉమ్మడి'. ఉమ్మడి కుటుంబం, ఉమ్మడి చెరువు ఎరిగిన తెలుగు రైతుకు అంతకన్న సులువైన మాట లేదు. మనవారు దానిని విడిచి 'సామ్యవాదం' అన్నారు; సోషలిజానికి కూడ ఆ పేరే పెట్టినారు. ఉమ్మడితనం పోయి పోలిక మిగిలినది. ఈ రెండు లోపాలు నిఘంటువులకే పరిమితమై ఉంటే చింత లేదు. ఇవి సభావేదికల మీది వాదాలకు ఆయుధాలైనవి.

లిబరల్ అనే మాట రాజకీయపక్షానికి పేరుగా నిలిచినది స్పెయిన్ దేశంలో, 1812 నాటి కాదిజ్ రాజ్యాంగసభ కాలంలో. నిరంకుశ రాజరికాన్ని శాసనంతో కట్టివేయదలచినవారికి అది పేరైనది. 1848లో మార్క్సు, ఎంగెల్సులు లండనులో తమ ప్రణాళికను ప్రకటించే నాటికి ఆ పక్షం గెలిచినవారి పక్షమైనది. ఆస్తి లేనివానికి ఈ స్వేచ్ఛ వలన ప్రయోజనమేమి అన్నది ప్రణాళికాకర్తల ప్రశ్న. మనిషిని సమష్టికి అప్పగించిన తరువాత అతని మనస్సాక్షికి రక్షణ ఎవరు అన్నది ఎదుటివారి ప్రశ్న. తరువాతి వాదోపవాదాలన్నీ ఈ రెండు ప్రశ్నల విస్తరణలే.

మన దేశంలో లిబరల్ నామం 1918లో స్థిరపడినది. మాంటేగు-చెమ్సుఫర్డు సంస్కరణలను స్వీకరించవలెనన్న నాయకులు కాంగ్రెసును వీడి వేరొక ఫెడరేషనుగా ఏర్పడినారు. శ్రీనివాసశాస్త్రి, తేజ్ బహదూర్ సప్రూ, చింతామణి అందులో ముఖ్యులు. చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణి విజయనగరంలో పుట్టిన తెలుగువాడు. అలహాబాదులో 'లీడర్' పత్రికకు సంపాదకుడు. 1921లో సంయుక్త రాష్ట్రాలలో మంత్రిపదవిని స్వీకరించి, 1923లో రాజీనామా చేసినారు. తెలుగులో ఈ వర్గానికి 'మితవాదులు' అన్న పేరే రూఢి అయినది. 'అతివాదులు' అన్న పేరు పక్కన నిలిపి చూస్తే ఇందులోని తీర్పు తెలుస్తుంది: వీరు కొంచెమే కోరినవారని. ఏమి కోరినారన్న సంగతి ఆ పేరులో లేదు. ఈ విధంగా ఒకే వర్గం ఒక పేరుతో దాతగాను, మరొక పేరుతో పిరికిగాను మన భాషలో స్థిరపడినది.

స్వాతంత్ర్యానంతరం ఈ రెండు వాదాలు ముఖాముఖి నిలిచినవి. 1948లో కలకత్తా మహాసభలో కమ్యూనిస్టు పక్షం నూతన ప్రభుత్వంపై తిరుగుబాటు మార్గాన్ని అనుసరించినది. 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో అంబేద్కరు, ఈ రాజ్యాంగం పార్లమెంటరీ ప్రజాస్వామ్యంపై ఆధారపడినది కనుకనే కమ్యూనిస్టులు దీనిని నిందిస్తున్నారని చెప్పినారు. అదే ఉపన్యాసంలో, రాజకీయాలలో సమానత్వమూ సాంఘికార్థిక జీవనంలో అసమానత్వమూ ఎంతకాలం కలిసి నడువగలవని హెచ్చరించినారు. అనగా ఒకరి అభియోగాన్ని తిప్పికొట్టిన నోటితోనే రెండవ అభియోగంలోని సత్యాన్నీ అంగీకరించినారు. ఆనాటి ఉపన్యాసాలలో ఇటువంటి నిజాయితీ అరుదు.

కాని మాటల విలువ ఉపన్యాసాలలో కన్న ఆపదలో తెలుస్తుంది. రాజ్యాంగం అమలులోకి వచ్చిన నాలుగు నెలలకే, 1950 మే నెలలో, సుప్రీంకోర్టు రెండు తీర్పులు చెప్పినది. రెండింటిలోను ప్రతివాది మద్రాసు రాష్ట్రమే. ఆంధ్ర జిల్లాలు అప్పుడు అందులో భాగం. విచారణ లేకుండ నిర్బంధంలో ఉన్న కమ్యూనిస్టు నాయకుడు ఎ. కె. గోపాలన్ వ్యక్తిస్వేచ్ఛ పేరిట న్యాయస్థానాన్ని ఆశ్రయించినారు. నిర్బంధ చట్టంలో ఒక సెక్షను మాత్రం చెల్లదన్నారు కాని, ఆయనకు విడుదల లభించలేదు. రెండవది, బొంబాయి నుండి వెలువడే వామపక్ష పత్రిక 'క్రాస్ రోడ్స్' మద్రాసులో ప్రవేశించరాదన్న నిషేధం. సంపాదకుడు రమేశ్ థాపర్ గెలిచినారు. మరుసటి ఏడే, 1951లో, పార్లమెంటు మొదటి సవరణ ద్వారా భావప్రకటన స్వాతంత్ర్యానికి కొత్త పరిమితులు చేర్చినది.

ఇక్కడ పాత్రలు తారుమారైన తీరు గమనింపదగినది. ధనికుల స్వేచ్ఛ అని ఏ హక్కులను నిందించినారో, ఆ హక్కులనే వామపక్షీయులు శరణుజొచ్చినారు. ఆ హక్కులను రాజ్యాంగంలో వ్రాసుకొన్నవారే విచారణలేని నిర్బంధాన్ని సమర్థించినారు. గోపాలన్ ఓడిన కేసులోని సంకుచిత వ్యాఖ్యను 1978లో మేనకాగాంధీ కేసులో సుప్రీంకోర్టు విడిచిపెట్టినది. ఆ తీర్పు వలన నేడు రక్షణ పొందేవారిలో గోపాలన్ పక్షానికి బద్ధవిరోధులు కూడ ఉన్నారు.

1955లో ఇదే తారుమారు ఆంధ్రలో మరొక రూపంలో కనిపించినది. జనవరిలో ఆవడి కాంగ్రెసు సోషలిస్టు తరహా సమాజాన్ని లక్ష్యంగా ప్రకటించినది. ఆ నెలలోనే మాస్కో 'ప్రావ్దా' నెహ్రూను ప్రశంసించగా, ఎన్నికల ప్రచారంలో కాంగ్రెసు దానిని కమ్యూనిస్టులపైననే ప్రయోగించినది. ఇరువేదికల మీదను ఒకే 'సామ్యవాదం'! కమ్యూనిస్టులకు మూడవవంతుకు దగ్గరగా ఓట్లు వచ్చినా, 196 స్థానాలలో 15 మాత్రమే దక్కినవి. 1959 జూలై 31న కేరళలో ఎన్నికైన నంబూద్రిపాదు ప్రభుత్వం బర్తరఫయినప్పుడు పార్లమెంటరీ ధర్మాన్ని చాటినవారు కమ్యూనిస్టులు. తప్పినవారు ఆ ధర్మానికి కాపరులమన్నవారు. 1975లో అత్యవసర పరిస్థితిని సి. పి. ఐ. సమర్థించినది, సి. పి. ఎం. వ్యతిరేకించినది. పక్షం పేరును బట్టి స్వేచ్ఛను కాపాడేవారెవరో చెప్పగలమన్న నమ్మకం ఆనాటితో చెల్లిపోవలసినది.

ఇందువలన రెండు వాదాలూ ఒకటేనని నా అభిప్రాయం కాదు. భేదం యథార్థం. ఒకటి మనిషిని ప్రభుత్వం నుండి, రెండవది మనిషిని ఆకలి నుండి రక్షింపదలచినది. ఒకదాని భయం చెరసాల, రెండవదాని భయం దారిద్ర్యం. ఈ రెండు భయాలూ మన పల్లెలలో ఒకే గడపలో ఉన్నవే. ఐనను వేదిక మీది వాక్యం ఒక భయాన్నే చూపి రెండవదానిని నవ్వులపాలు చేస్తుంది. ఉదారమన్న మాటలోని దాతృత్వం దానికి ఒకవైపు సాయపడినది. సామ్యమన్న మాటలోని ఏకరూపత మరొకవైపు సాయపడినది.

నేను కూడ ఎన్నో పుటలలో 'ఉదారవాదం' అనే వ్రాసినాను. రూఢిని తోసివేయడం ఒక్క అనువాదకుని వల్ల అయ్యే పని కాదు. కాని ఆ మాట వ్రాసినప్పుడల్లా స్వేచ్ఛ ఎవరూ దానమిచ్చేది కాదని తరువాతి వాక్యంలోనైనా తెలియజెప్పవలె. సామ్యవాదమని వ్రాసినప్పుడు ఉమ్మడిలో ప్రతి మనిషికీ తన గొంతు ఉన్నదా అని అడుగవలె. అధికారంలో ఉన్నవాడు ఒక మాటను ఏ అర్థంలో వాడినాడో, చెరలో ఉన్నప్పుడు అదే మాటను ఏ అర్థంలో కోరినాడో పక్కపక్కన ఉంచి చూపడం చరిత్రకారుని పని. ఆ రెండర్థాలకూ సరిపోయే తెలుగు మాటను వెదకడం మన పని.