మాటకు గట్టు



శారదానది నీటితో సేద్యము చేయు మన అనకాపల్లి ప్రాంతపు పెద్దలకు గట్టు సంగతి నేను చెప్పనక్కఱలేదు. గట్టు లేని కాలువ పొరుగువాని మడిని ముంచును. కాలువకే అడ్డముగా వేసిన గట్టు అందఱి మళ్ళను ఎండబెట్టును. మాటయు నీటివంటిదే. కావున వాక్స్వాతంత్ర్యమునకు హద్దు వలయునా, వలదా యనుటకంటె, ఆ హద్దు ఎవరి చేనును కాపాడుటకు వేసినదని యడుగుట మేలు. ఇందులకు మన యాంధ్రదేశ చరిత్రమున నొక నిదర్శనము కలదు.

1908వ సంవత్సరమున బెజవాడనుండి 'స్వరాజ్య' యను వారపత్రిక వెలువడుచుండెను. దానికి సంపాదకులు కర్నూలువారగు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు. ఆ యేడు తిరునల్వేలిలో చిదంబరం పిళ్ళ గారిని నిర్బంధింపగా అలజడి రేగెను. పోలీసుల కాల్పులలో జనులు మరణించిరి. అంతట 'స్వరాజ్య'లో 'విపరీతబుద్ధి' యను వ్యాసము ప్రకటింపబడెను. దొరతనమువారు దానిని రాజద్రోహముగా నెంచి అభియోగము మోపిరి. క్రింది న్యాయస్థానము ఆఱునెలల శిక్ష విధించెను. అది చాలదని దొరతనమువారు హైకోర్టునకు పోయి, దానిని మూడేండ్లకు పెంచుకొనిరి. ఆ యేటనే తిలకు మహాశయునకు ఆఱేండ్ల ప్రవాసశిక్ష పడెను.

ఆ వ్యాసపు భాష తీక్ష్ణమైనదే, కాదనను. కాని దానిని శిక్షించిన శాసనమును చూడుడు. అది 1870లో శిక్షాస్మృతియందు చేర్చబడిన 124-ఏ విభాగము. వ్రాసినది సత్యమా, అసత్యమా యని దాని ప్రశ్న కాదు. దానివలన ప్రభుత్వముపై జనులకు ద్వేషమో, ధిక్కారమో, అప్రీతియో కలుగునా యనియే దాని ప్రశ్న. ఆ గట్టు రైతు చేనును కాపాడుటకు గాక, దొర కుర్చీని కాపాడుటకు వేసినది.

రావుగారు తన పత్రికలోని మాట బరువును తానే మోసి చెఱసాలలో నుండిరి. విడుదలయైన పిమ్మట గ్రంథాలయోద్యమమునకు, వయోజన విద్యకు పాటుపడిరి. వ్రాయు హక్కునకై శిక్ష ననుభవించినవారు, చదివి విచారింపగల జనమును సిద్ధము చేయుటయు తమ ధర్మమే యని తలంచిరన్నమాట.

1950 జనవరి 26న మన రాజ్యాంగము అమలులోనికి వచ్చెను. దాని 19వ అధికరణము వాక్స్వాతంత్ర్యము నొసగెను. అప్పుడు మన యూరు మదరాసు రాష్ట్రములోనిది. ఆ ప్రభుత్వము బొంబాయి పత్రికయగు 'క్రాస్ రోడ్సు'ను తన యెల్లలలోనికి రానీయకుండ నిషేధించెను. రమేశ్ థాపర్ గారు సుప్రీంకోర్టు నాశ్రయింపగా, ఆ యేటి మేనెలలో నిషేధము చెల్లదని తీర్పు వచ్చెను. 1951లో మొదటి సవరణముచే ప్రజాశాంతి, నేరమునకు పురికొల్పుట మొదలగు హద్దులు చేరెను. కాని వానితోపాటు, హద్దు 'సమంజసముగ' నుండవలెనను మాటయు చేరెను. అనగా గట్టు వేసినవాడే దాని యెత్తును నిర్ణయింపరాదు. న్యాయస్థానము కొలిచి చూచును. 1962లో సుప్రీంకోర్టు ప్రభుత్వమును గట్టిగా విమర్శించుట రాజద్రోహము కాదనియు, హింసకో అశాంతికో పురికొల్పిననే నేరమనియు చెప్పెను. 2022లో ఆ విభాగపు టమలును నిలిపివేసెను. 2024 జూలై 1 నుండి పాత స్మృతియే తొలగిపోయెను. క్రొత్త స్మృతియందలి 152వ విభాగముపై వాదము ఇంకను సాగుచునే యున్నది.

శాసనము చేరలేని చోట్లును కలవు. నేను బడిపంతులుగా నున్న కాలమున, ఒక బెల్లపు వర్తకుని కాటాలో మోసమున్నదని యెవరో యనగా విని, అరుగుమీద నలుగురిలో అంటిని. పంతులు చెప్పెనని రైతులు నమ్మిరి. కొన్ని వారములు అతని కొట్టునకు దిమ్మ యొక్కటియు పోలేదు. తరువాత తూచి చూడగా కాటా సరిగనే యుండెను. నేను అతని యింటికి పోయి క్షమింపుమని కోరితిని. అతడు, "పంతులుగారూ, ఆ మాట మా యింట్లో కాదు, ఆ అరుగుమీద చెప్పండి" అనెను. అదే అరుగుమీద చెప్పితిని. నాలుక యెండిపోయెను. తప్పుమాట యెంతదూరము పోయినదో, దిద్దుబాటును అంతదూరము పంపవలెనని నాడు నేర్చుకొంటిని. నేడు సెల్లుఫోనులో ఒక్క వ్రేలితో ఊరూరికి మాట పంపువారికి ఈ ఋణము మఱింత పెద్దది.

మన యూరి చెంతనున్న శంకరము కొండలపై పూర్వము బౌద్ధభిక్షువులు నివసించిరి. వారి యష్టాంగమార్గములో సమ్యగ్వాక్కు ఒకటి. గీతయు వాక్కును తపస్సుగా చెప్పినది: సత్యమై, హితమై, ఉద్వేగము కలిగింపనిదై యుండవలెనన్నది. ఇది మన నోటికి మనము వేసికొనవలసిన గట్టు. దానిని చూపి యెదుటివాని నోరు మూయరాదు.

కనుక పెద్దలారా, గ్రామసభలో కూలివాడొకడు లేచి, చెఱువుపని లెక్క చూపుడని యడిగినపుడు, "పెద్దల యెదుట ఇట్లు మాటాడవచ్చునా?" యని మనము గద్దింతుము. ఆ గద్దింపు ఎవరి చేనును కాపాడుచున్నదో ఒక్క క్షణము యోచింపుడు. అతని మాట మోటుగా నుండవచ్చును. అడిగిన లెక్క మాత్రము చూపవలసినదే.

స్వస్తి.