సంఖ్యాత్మక వాతావరణ అంచనా

గాలి, పీడనం, ఉష్ణోగ్రత, తేమలను సమీకరణాల్లో పెట్టి రాబోయే వాతావరణాన్ని లెక్కగట్టే పద్ధతి ఇది. లెక్క సరిగా రావాలి, వాతావరణం మారేలోపే రావాలి. సూపర్ కంప్యూటర్ల చరిత్రలో దీనికి పెద్దపీట వేయాల్సింది ఈ రెండో షరతు వల్లే.

1904లో నార్వే శాస్త్రవేత్త విల్హెల్మ్ బియర్క్నెస్ ఈ ఆలోచనకు పునాది వేశారు. చేతిలెక్కతో పరీక్షించినవారు ఇంగ్లండుకు చెందిన లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో అంబులెన్సు దళంలో పనిచేస్తూనే, 1910 మే 20 నాటి పరిశీలనలతో మధ్య ఐరోపాలో ఆరు గంటల పీడన మార్పును లెక్కించారు. 145 మిల్లీబార్లు పెరుగుతుందని తేలింది. నిజానికి ఆ రోజు పీడనం దాదాపు కదలలేదు. యుద్ధంలో పోయిన రాతప్రతి నెలల తర్వాత బెల్జియంలో బొగ్గుకుప్ప కింద దొరికింది. 1922లో వేసిన పుస్తకంలో ఆ తప్పు ఫలితాన్ని అంకెలతో సహా అచ్చువేశారు. అంతటి నిజాయితీ శాస్త్రంలోనూ అరుదు. తొలి విలువల్లో గాలికీ పీడనానికీ పొంతన కుదరకపోవడమే తప్పుకు మూలమని తర్వాతివారు పట్టుకోగలిగింది ఆ అంకెల వల్లే. భూగోళమంతటికీ వేళకు లెక్క తేలాలంటే 64,000 మంది ఒకే హాలులో కూర్చుని, తలా ఒక భాగం లెక్కిస్తూ, పక్కవారికి విలువలు అందించుకోవాలని ఆయన ఊహించారు. నేటి సమాంతర కంప్యూటర్లు చేసేది అదే.

1950లో చార్నీ, ఫ్యోర్టాఫ్ట్, ఫాన్ నోయ్‌మన్ బృందం అమెరికాలో ఎనియాక్ యంత్రంపై తొలి కంప్యూటర్ అంచనాలు తీసింది. 24 గంటల అంచనాకు ఇంచుమించు 24 గంటలే పట్టింది.

1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచెత్తే నాటికి మన దేశంలో సూపర్ కంప్యూటర్ లేదు. 1980ల చివర్లో అమెరికా నుంచి క్రే ఎక్స్-ఎంపీ ఢిల్లీకి వచ్చింది, వాతావరణ పనికే. 2018లో పుణేలో ప్రత్యూష్, నోయిడాలో మిహిర్ వచ్చాయి. రెండింటి వేగం కలిపి 6.8 పెటాఫ్లాప్‌లు. అంచనా కోసం భూమిని విడదీసే గడి వెడల్పు 12 కిలోమీటర్లకు తగ్గింది.

గడి వెడల్పు సగానికి తగ్గితే ఒకటున్నచోట నాలుగు గడులవుతాయి. గణన ఒక్క అంగలో గాలి గడి దాటిపోకూడదు కాబట్టి కాలాన్నీ సగానికి కోయాలి. పని ఎనిమిదింతలు. కాలపు అంగను ఇలా తగ్గించాలన్నది 1928లో కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ చెప్పిన నియమం. 2025లో భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ గడిని 6 కిలోమీటర్లకు దించింది ఈ భారం మోసే.

తుఫాను దారి తేలాక ఉప్పెన ఎత్తును, నీరు చొరబడే దూరాన్ని వేరుగా లెక్కిస్తారు. తీరానికి ఆ లెక్క అందించేది హైదరాబాదులోని సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్.