నాయన తెచ్చిన నల్ల సీసాలో ఏముంది? మట్టి నీళ్ళను కొలిచిన కథ

మాది వడమాలపేట. బీటెక్ చేసి, కొన్నేళ్ళు కోడ్ రాసి, ఇప్పుడిట్లా మీ ముందు కూర్చుని మాట్లాడుతున్నా. పోయినసారి ఊరికెళ్తే, మామిడి తోటకని మా నాయన ఒక నల్ల సీసా తెచ్చి పెట్టుకున్నాడు. హ్యూమిక్ యాసిడ్. "ఇందులో ఏముందిరా, చదువుకున్నోడివి కదా" అన్నాడు. నాకు తెలీదు. వెతికితే, ఆ ప్రశ్న మీద శాస్త్రవేత్తలే రెండు వందల ఏళ్ళకు పైగా కుస్తీ పట్టారని తెలిసింది. ఈ ఎపిసోడ్ ఆ కథే.

మొదలు 1786. జర్మనీలో ఫ్రాంజ్ అచర్డ్ అనే రసాయన శాస్త్రవేత్త పీట్ మట్టిని, అంటే నీళ్ళు నిలిచేచోట మొక్కలు సగం కుళ్ళి పేరుకున్న మట్టిని, క్షారంలో నానబెట్టాడు. నీళ్ళు డికాషన్‌లా నల్లబడ్డాయి. అందులో ఆమ్లం పోస్తే నల్లటి మడ్డి అడుక్కి దిగింది. దానికే తర్వాత హ్యూమిక్ యాసిడ్ అని పేరొచ్చింది. ఒకటి గుర్తుపెట్టుకోండి, అది క్షారం పోసి బయటికి లాగిన పదార్థం. ఈ మాట మళ్ళీ వస్తుంది.

సరే, అందులో అణువు ఎంత పెద్దది? ఇది ఊరికే వచ్చిన కుతూహలం కాదు. మట్టిలోని బ్యాక్టీరియా సుమారు 600 డాల్టన్ల కంటే పెద్ద ముక్కను నేరుగా లోపలికి తీసుకోలేదు. ఒక హైడ్రోజన్ పరమాణువు బరువు దాదాపు ఒక డాల్టన్. పెద్ద ముక్కైతే ముందు ఎంజైములతో కొయ్యాలి. అంటే సైజును బట్టే తిండి.

1861లో థామస్ గ్రాహం పార్చ్‌మెంట్ పొరతో ద్రావణాలను వేరుచేశాడు. ఉప్పు, చక్కెర దాటిపోయాయి, జిగురు లాంటివి లోపలే ఉండిపోయాయి. దానికి డయాలసిస్ అని పేరు పెట్టింది ఆయనే. చిన్నది, పెద్దది అని తేలింది గానీ, ఎంత అనేది తేలలేదు.

అసలు మలుపు 1959లో. స్వీడన్‌లోని ఉప్సలాలో పోరాత్, ఫ్లోడిన్ అనే ఇద్దరు సెఫాడెక్స్ అనే జెల్ పూసలను గాజు గొట్టంలో నింపి, ద్రావణాన్ని పైనుంచి పోశారు. ముందు బయటికొచ్చేది చిన్నవే అనుకుంటాం కదా? కాదు, పెద్దవే! రేణిగుంట నుంచి పుత్తూరుకు పోయే లారీ మా ఊరి సందుల్లోకి తిరగదు, నేరుగా పోతుంది. టూవీలరైతే ప్రతి సందూ దూరి వస్తుంది. పూసల్లోని రంధ్రాలే ఆ సందులు.

మట్టి శాస్త్రవేత్తలు ఈ పద్ధతిని పట్టుకున్నారు. కానీ హ్యూమిక్ పదార్థానికి విద్యుదావేశం ఉంటుంది, అది పూసలతో తగువు పెట్టుకుంటుంది. ఉప్పు మారితే, పీహెచ్ మారితే లెక్క మారుతుంది. స్విఫ్ట్, పోస్నర్ 1971లో ఈ సంగతే విడమరిచి రాశారు. ఇంకోటి, పోల్చే రాయి తప్పైతే తూకమూ తప్పే. 1994లో చిన్, ఐకెన్, ఓలాఫ్లిన్ పోలిక కోసం పాలీస్టైరీన్ సల్ఫోనేట్లు వాడారు. నదీజలాల్లోని ఫల్విక్ ఆమ్లాలు వెయ్యి, రెండు వేల డాల్టన్ల దగ్గరే తేలాయి. అంతకుముందు లెక్కల్లో మట్టి హ్యూమిక్ ఆమ్లాలు కొన్ని పది లక్షలు కూడా దాటాయి!

తర్వాత ఇటలీలో పిక్కోలో బృందం ద్రావణంలో కొంచెం అసిటిక్ ఆమ్లం కలిపింది. 'పెద్ద అణువు' కాస్తా చిన్నవాటి చోటుకు జారింది. అంత మెత్తటి ఆమ్లానికి గట్టి బంధాలు తెగవు. కాబట్టి అది ఒక్క అణువు కాదు, చిన్నవన్నీ గుంపుగా అతుక్కున్నవి అన్నారు. కాదు, ఆమ్లం వల్ల జెల్ తీరే మారిందని కొందరు వాదించారు. 2015లో లేమన్, క్లేబర్ ఇంకో అడుగు వేశారు. హ్యూమిక్ అనేది క్షారంతో లాగడంలో వచ్చిన రూపం, నేలలో ఉన్నది కుళ్ళుతూ చిన్నబడే ముక్కల వరుస అని.

అదే 2015లో మన దేశంలో సాయిల్ హెల్త్ కార్డులు మొదలయ్యాయి. వాటిలో సేంద్రియ కర్బనం ఎంతో ఉంటుంది, ఏ సైజో ఉండదు. 2021లో హ్యూమిక్, ఫల్విక్ ఆమ్లాలు బయోస్టిమ్యులెంట్లుగా ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోకి వచ్చాయి.

మా నాయనకు ఇదే చెప్పాను. ఇట్లాంటి సరుకు ఎక్కువగా లిగ్నైట్ లాంటి బొగ్గు నుంచి క్షారంతో తీసిందే, మట్టి సారం మొత్తం సీసాలోకి రాదు, నేలకు ఆకూ పేడా వేస్తూనే ఉండాలి అని. కాసేపు సీసా వైపు చూసి, "మీ తాత చెట్ల కింద ఆకు కాల్చనిచ్చేవాడు కాదు" అన్నాడు.

మీ ఇంట్లో ఆకు కాలుస్తారా, తోటలోనే వదిలేస్తారా? కామెంట్లో చెప్పండి. ఉంటాను.