ప్యాకెట్

పాల ప్యాకెట్, బిస్కెట్ ప్యాకెట్ మనకు తెలిసినవే. టెలికాం వాళ్ల ప్యాకెట్‌కు ఆ పేరు పెట్టింది బ్రిటన్ నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలోని డోనల్డ్ డేవిస్, 1960ల నడుమ. అమెరికాలో పాల్ బారన్ అంతకుముందే ఇలాంటి ఊహకు ‘మెసేజ్ బ్లాక్’ అని పేరు పెట్టారు. ఆ బండమాట నిలవలేదు, మంచిదే అయింది. సమాచారాన్ని ముక్కలు చేసి, ఒక్కోదానికీ చిరునామా తగిలించి పంపడమే కిటుకు. 1969లో ఆర్పానెట్ అనే కంప్యూటర్ నెట్‌వర్క్ దాన్ని నడిపి చూపింది.

ఫోన్ కంపెనీల అలవాటు వేరు: ప్రతి కాల్‌కూ ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒక దారి కేటాయించడం. ఈ రెండు పద్ధతుల రాజీలోంచి వచ్చిందే ‘ప్యాకెట్ ట్రాన్స్‌పోర్ట్’. సరుకు ప్యాకెట్లదే, క్రమశిక్షణ పాత సర్క్యూట్లది. ఎంపీఎల్‌ఎస్-టీపీ అనే దాని రకంలో దారి ముందే ఖాయం. తెగితే 50 మిల్లీసెకన్లలో పక్కదారికి మళ్లాలి. కొత్త పరికరం కొనేముందు ల్యాబ్‌లో కావాలనే ఫైబర్ పీకి చూసేది అందుకే.