కుండల లోయలో మాసిపోయిన ఇనుపదారి



పూర్వము మన గ్రామములలో పాతరవేసిన నిక్షేపమును కనుగొనుటకు అంజనము వేయించెడివారు. తమలపాకునకు కాటుక పూసి, అందులోనికి చూచువాడు గోడ కనబడుచున్నదనియు, చెట్టు కనబడుచున్నదనియు చెప్పుచుండగా, తక్కినవారు పలుగు పారలతో సిద్ధముగా నుండెడివారు. దొరకిన ధనమును నేనెన్నడును చూడలేదు. త్రవ్విన గోతులను మాత్రము చూచితిని. ఈనాడు అంజనముతో పనిలేకయే దాచిన పెట్టెను వెదకు ఆట యొకటి లోకమున వ్యాపించినది. దానిని జియోకాచింగ్ అందురు. ఆ యాట మూలమున నేను చూడగలిగిన యొక కొండరైలు జాడను గూర్చి నేడు మనవి చేసెదను.

భూమిని చుట్టి తిరుగు ఉపగ్రహముల సంకేతములను బట్టి, మన మున్న చోటి అక్షాంశ రేఖాంశములను చేతిలోని యంత్రము తెలుపును. అమెరికా ప్రభుత్వము సామాన్యుల కందు సంకేతములలో బుద్ధిపూర్వకముగా కొంత తప్పు కలిపి యుంచెడిది. 2000 సంవత్సరము మే 2వ తేదీన ఆ తప్పును తొలగించెను. మరునాడే ఓరిగాన్ రాష్ట్రమున డేవ్ అల్మర్ అను నతడు అడవిలో ఒక బకెట్టును దాచి, ఆ చోటి అంకెలను ప్రకటించెను. అందు పుస్తకములును, ఒక చిక్కుడుగింజల డబ్బాయు మొదలైనవి యుండెను. ఆట కిదియే యారంభము. పెట్టెలోని వస్తువును గైకొన్నవాడు మరియొకటి యుంచవలెను; అందలి పుస్తకమున తన పేరును తేదీని వ్రాయవలెను; పెట్టెను యథాస్థానమున నుంచి రావలెను. స్థలము గలవారి యనుమతి లేనిదే పెట్టెను దాచరాదు.

నా మనుమని కీ యాటయం దాసక్తి మెండు. వాడు నన్ను కేరళదేశమున మున్నారు కొండలకు తోడ్కొనిపోయి, "తాతయ్యా, ఇచ్చట నొకప్పుడు రైలు నడచినదట. ఆ దారి వెంబడి పెట్టెను దాచుటకు తగిన చోటు చూపుడు" అనెను.

శ్రీకాకుళపు సీమవాడను గనుక చిన్నరైలు నాకు క్రొత్త కాదు. నౌపడా నుండి టెక్కలి, పాతపట్నముల మీదుగా పర్లాకిమిడికి 1900లో ఆ సంస్థానాధీశుడు వేయించిన రైలులో బాల్యమున ప్రయాణము చేసితిని. దాని పట్టాల నడిమి యెడము రెండున్నర అడుగులు. 2004లో ఆ చిన్నబండి నిలిచిపోయినను, తరువాత పెద్దపట్టాలు పడినవి గనుక ఆ మార్గము బ్రతికినది. కుండల లోయ రైలున కా భాగ్యము లేకపోయెను.

1877లో జాన్ డేనియల్ మన్రో అను నాంగ్లేయుడు పూంజారు ప్రభువు వలన ఆ కొండలను పొందెను. కాలక్రమమున నచ్చట తేయాకు తోటలు వెలసెను. తేయాకును పండించుట యొక యెత్తు, కొండ దింపుట మరియొక యెత్తు. 1902లో మున్నారు నుండి మాడుపట్టి మీదుగా కొండ యంచున నున్న టాప్ స్టేషను వరకు బండిబాట త్రవ్వి, పిదప దాని వెంబడి ఒంటిపట్టా వేసిరి. బండికి చిన్నచక్రము పట్టామీదను, పెద్దచక్రము నేలమీదను దొరలుచుండెను. లాగునవి యెద్దులు. ఎద్దులు లాగిన రైలును మీ రెన్నడైన వింటిరా? 1908లో దానిని మార్చి, రెండడుగుల యెడముతో జంటపట్టాలు వేసి, చిన్న యావిరియంత్రములను నడిపిరి.

టాప్ స్టేషనులో రైలు ఆగును గాని సరకు ఆగదు. అచ్చటి నుండి తేయాకు పెట్టెలు ఇనుపత్రాళ్లకు వ్రేలాడుచు, ఆకాశమార్గమున సుమారు 3 మైళ్లు దిగువనున్న కొట్టగుడికి దిగెడివి. అందుచే కొట్టగుడికి బాటమ్ స్టేషను అను పేరు కలిగెను. పిదప ఎడ్లబండ్లమీద బోడినాయకనూరు చేరి, రైళ్లను ఓడలను ఎక్కి ఇంగ్లండు వరకు పోయెడివి.

ఇట్లు పదునారేండ్లు గడచెను. 1924 జూలై మాసమున కేరళమున మహావర్షము కురిసెను. కొల్లము శకమున అది 1099 గనుక, ఆ దేశమువారు దానిని తొంబదితొమ్మిది వెల్లువ యని నేటికిని చెప్పుకొందురు. ఆ వెల్లువలో రైలుదారి ధ్వంసమయ్యెను. దానిని మరల కట్టలేదు. మున్నారులోని స్టేషను కట్టడము తేయాకు కంపెనీకి కార్యాలయమైనది. టాప్ స్టేషనులో నేడు స్టేషను లేదు. ఊరికి పేరు మాత్రము మిగిలినది. రైలు పోయి నూరేండ్లు దాటినను ఆ పేరు పోలేదు.

మేమా దారిని పోవుచు, ఒక తేనీటి దుకాణము కడ ఆగితిమి. దుకాణదారు ఎనుబదియేండ్ల వృద్ధుడు. రైలు సంగతి యడుగగా, తన తాత మధుర సీమనుండి కూలికి వచ్చి, తేయాకు పెట్టెలను బండినుండి దింపి త్రాటికి తగిలించెడివాడని చెప్పెను. "ఆయన పేరేమి?" అని నాకు వచ్చిన కొలది తమిళమున నడిగితిని. వృద్ధుడు కొంతసేపు నావైపు చూచి, పేరు చెప్పి, "ఈ దారిని ఎందరో వచ్చి ఎంత దూరమనియు, ఎంత యెత్తనియు అడిగిరి గాని, ఆయన పేరు ఎవ్వరును అడుగలేదయ్యా" అనెను.

నేను సిగ్గుపడితిని. ముప్పదియేండ్లు బాలురకు చరిత్ర చెప్పితిని. దొరల పేర్లను, సంవత్సరములను వల్లె వేయించితిని. పట్టా మోసిన వాని పేరు నడుగవలెనని నాకును తోచలేదు.

ఆ వృద్ధుని యనుమతితో దుకాణము వెనుక రాతిగోడ సందున పెట్టెను దాచితిమి. పుస్తకము మొదటి పుటలో మొదట వ్రాయవలసినది దాచినవాని పేరని మనుమడు చెప్పెను. కాని వాడే కలమును వృద్ధుని చేతికిచ్చెను. ఆయన తన తాత పేరును తమిళమున మెల్లగా వ్రాసి, సిరా ఆరువరకు పుస్తకము మూయనీయలేదు.

గ్రామములలోని పెద్దలారా! మీ యూరి చెరువుకట్టను, పాత సత్రమును, పూడిన కాలువను కట్టించినవాని పేరు శాసనమున నుండవచ్చును. మన్ను మోసినవారి పేర్లు శిలలమీద లేవు. మీ నోళ్లలో నున్నవి. అవి మీతోనే పోకముందు ఒక పుస్తకమున వ్రాయింపుడు. పెట్టెలను వెదకుట పిల్లలకు తెలియును. అందు ఉంచదగిన దేదియో వారికి మనమే చెప్పవలెను.