రంగు తీసి వేసే బొమ్మ

గుడ్డ మీద బొమ్మ వేయాలంటే రంగు కావాలి. ఇది అందరికీ తెలిసిన మాటే. కాని వున్న రంగును తీసేసి కూడా బొమ్మ వేయవచ్చునండీ! నూతిలో వేయడానికి కలిపిన బ్లీచింగ్ పౌడర్ నీళ్ళు నీలం లంగా మీద చిందితే ఏమవుతుందో ఇల్లాళ్ళందరికీ ఎరుకే. చిందినచోటల్లా తెల్లమచ్చ. ఇక ఎన్నిసార్లు ఉతికినా అది పోదు. పాడైపోయిందని ఆ లంగాను మసిగుడ్డల్లో కలిపేస్తాం. అదే మచ్చ మనం కోరినచోట, కోరిన ఆకారంలో పడితే? అప్పుడది మచ్చ కాదు, పువ్వు. అట్టముక్కలో బొమ్మ కత్తిరించి, ఆ ఖాళీల్లోంచి బ్లీచింగ్ నీళ్ళు అద్ది, పాత బట్టలకు కొత్త అందం తేవడం పిల్లలకు ఈమధ్య సరదా అయింది. ఈ సరదా వెనక రెండు వందల ఏళ్ళు దాటిన కథ వుంది. అందులో మన దేశపు రుమాళ్ళకూ భాగం వుంది. అదేమిటో చూద్దాం.

బ్లీచింగ్ పౌడర్ పుట్టకముందు బట్ట తెల్లబడాలంటే ఎండ, నీళ్ళు, ఓపిక కావలసి వచ్చేవి. మన చాకిరేవుల్లో చవుడు కలిపిన నీళ్ళలో ముంచి, బాన మీద ఉబ్బ వేసి, బండకేసి ఉతికి, ఎండకు ఆరేసేవారు. కలంకారీ పనివారికి ఈ విద్య ఇంకా బాగా తెలుసు. కరక్కాయ, గేదెపాలు కలిపి బట్టకు పట్టించి, ఎర్రగా రావలసినచోట పటిక నీళ్ళు రాసి, చిరివేరు రంగులో ఉడికించేవారు. పటిక వున్నచోట ఎరుపు గట్టిగా పట్టేది. లేనిచోట కూడా కొంచెం అంటుకునేది. ఆ అంటుడు రంగు పోవడానికి బట్టను పేడనీళ్ళలో నానవేసి, గడ్డి మీద పరచి, తడి ఆరనివ్వకుండా ఎండబెట్టేవారు. అంటిన రంగు పోయేది, పట్టిన రంగు నిలిచేది. బొమ్మను గుడ్డ మీదికి దించడానికి కాగితాన్ని గీత వెంబడి సూదితో పొడిచి, ఆ చిల్లుల్లోంచి బొగ్గుపొడి అద్దేవారు. కోరమాండల్ తీరపు అద్దకం పనుల గురించి 1742లో కెర్దూ అనే ఫ్రెంచి మతగురువు వివరంగా తెలుసుకుని, తమ దేశానికి ఉత్తరం రాశాడు.

అప్పట్లో యూరపులోనూ ఇంతకంటె సులువు లేదు. నార బట్టలను బూడిద నీళ్ళలో ఉడికించడం, గడ్డి మైదానాల్లో పరచడం, పులిసిన మజ్జిగలో నానవేయడం, మళ్ళీ మొదటికి రావడం! తాను తెల్లబడేసరికి నెలలు పట్టేది. ఎండ సరిగా కాయని దేశాలాయె, చలికాలం వస్తే పని ఆగిపోయేది.

1774లో స్వీడన్‌లో షీలే అనే శాస్త్రజ్ఞుడు ఘాటైన పచ్చని వాయువునొకదాన్ని తయారుచేశాడు. పువ్వులు, ఆకులు దాని దగ్గర పెడితే రంగు వెలిసిపోవడం చూశాడు. అదే క్లోరిన్. 1785లో ఫ్రాన్సులో బెర్తొలే దానితో బట్టలు తెల్లబరచవచ్చునని చూపాడు. కాని వాయువును ఊరూరికీ మోసుకుపోయేదెట్లా? గ్లాస్గో ప్రాంతంలో ఛార్లెస్ టెన్నాంట్ అనే ఆయన వుండేవాడు. మొదట నేతపని నేర్చి, తర్వాత చలువ మైదానం పెట్టుకున్నవాడు. ఆయన, ఆయన భాగస్వాములు క్లోరిన్‌ను సున్నానికి పట్టించి పొడి చేశారు. దానికి 1799లో పేటెంటు వచ్చింది. మనం నూతిలో వేసే బ్లీచింగ్ పౌడర్ అదే. నెలల పని గంటల్లోకి వచ్చింది.

ఇక రుమాళ్ళ సంగతి. బెంగాల్ నుంచి పట్టు రుమాళ్ళు ఇంగ్లండుకు వెళ్ళేవి. గుడ్డను చిటికెడు చిటికెడు పట్టి దారంతో బిగించి కట్టి, రంగులో ముంచేవారు. ముడి విప్పితే ఎర్రని నేల మీద తెల్లని చుక్కలు. కట్టడం కాబట్టి 'బంధనా'. ఇంగ్లీషువాళ్ళ నోట అది 'బండానా' అయింది. నశ్యం పీల్చే దొరలకు ఆ రుమాళ్ళంటే మహా ఇష్టం, మరక కనిపించదు కదా!

ఈ గిరాకీ చూసి గ్లాస్గోలో హెన్రీ మాంటీత్ కర్మాగారంవారు 19వ శతాబ్దం తొలినాళ్ళలో ఒక ఉపాయం పన్నారు. ముడులతో పని లేదు. నూలుగుడ్డను ముందే ఎర్రగా అద్దేశారు. పన్నెండు, పద్నాలుగు మడతలు ఒకదాని మీద ఒకటి పేర్చి, బొమ్మ తొలిచిన రెండు సీసపు పలకల మధ్య పెట్టి, గొప్ప బరువుతో బిగించారు. పై పలక ఖాళీల్లోంచి బ్లీచింగ్ ద్రవం వదిలితే అది మడతలన్నిట్లోంచి దిగి ఆ మేరకే రంగును తినేసింది. తక్కినచోట బిగింపు వల్ల చుక్క కూడా చొరలేదు. వెంటనే నీళ్ళు వదిలి కడిగేశారు. చూశారా, మన పిల్లల అట్టముక్క పనే ఇది! మనవాళ్ళు రంగు చొరకుండా కట్టి తెలుపును కాపాడారు, వాళ్ళు పట్టిన రంగును తొలిచి తెలుపు తెచ్చారు. చేతులు రోజులపాటు కట్టిన చుక్కలు యంత్రం నిమిషాల్లో తీసింది.

దీనికి మూల్యం లేకపోలేదు. బ్లీచింగ్ పొడి గదుల్లోకి దిగి పీపాలు నింపే కూలీలు ముక్కుకూ, నోటికీ ఫ్లానెల్ గుడ్డ మడతలు మడతలుగా చుట్టుకుని పనిచేసేవారు. మనం ధరించే తెలుపులో ఎవరి ఊపిరి ఎంత కలిసిందో ఎవరు లెక్కపెట్టారు?

మా ఇంట్లో అన్న చొక్కా తమ్ముడికీ, అక్క గౌను చెల్లికీ దిగిరావడం రివాజు. "ఎప్పుడూ నాకు పాతవేనా?" అని మా చిన్నమ్మాయి మూతి ముడిచేది. అన్నయ్య ముదురు నీలం చొక్కా మీద తనే గీసుకున్న మామిడిపిందెలు తెల్లగా తేలాక, దాన్ని పాతదని ఎవరన్నా ఊరుకునేది కాదు. చొక్కా ఖరీదు పెరగలేదు, పిల్ల ముఖం మాత్రం విప్పారింది.

మీరూ చేయదలిస్తే, గ్లాస్గో పలక చెప్పే పాఠాలే చాలు. నూలుబట్ట మాత్రమే తీసుకోండి. పట్టు, ఉన్ని పాడైపోతాయి. పాలియెస్టరు సాధారణంగా రంగు వదలదు. పాత ఎక్స్‌రే ఫిల్ము మీద బొమ్మ కత్తిరించండి. పువ్వు నడిమి బొట్టు ఊడిపడకుండా ముక్కకూ ముక్కకూ సన్నని వంతెన వుంచాలి. ఫిల్మును గుడ్డకు గట్టిగా అదిమి అంటించండి. వదులైతే నీళ్ళు లోపలికి పాకి బొమ్మ చెదురుతుంది. చొక్కా లోపల అట్ట పెట్టడం మరవకండి, లేకుంటే వీపు మీదా అదే బొమ్మ! సీసాలో దొరికే బ్లీచిలో సమంగా నీళ్ళు కలిపి, స్పాంజి ముక్కతో తడి పొడిగా అద్దండి. రంగు దిగగానే నీళ్ళలో ముంచి బాగా జాడించండి. నలుపు తెల్లబడకుండా ఇటుకరంగులోనో, జేగురులోనో ఆగిపోవచ్చు. అందుకే ముందు లోపలి కుట్టు మడతలో పరీక్షించండి.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఆ కర్మాగారంలో రంగు త్వరగా దిగడానికి ఆమ్లం కలిపేవారు. ఇంట్లో బ్లీచిలో వెనిగర్‌గానీ, నిమ్మరసంగానీ, మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌గానీ ఎన్నటికీ కలపకండి. ప్రాణం మీదికి తెచ్చే వాయువు పుడుతుంది. అమ్మోనియా వున్నవీ కలపకూడదు. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, గాలి ఆడే వరండాలో, పిల్లల పక్కనే వుండి చేయించండి.

ముడి కట్టే విద్య మాత్రం చావలేదు సుమండీ! నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిదలోనూ నానవేసి, కట్టి, అద్ది నేసే తేలియా రుమాలు చీరాలలో పేరు తెచ్చుకుంది. పుట్టపాక నేతకు 2020లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఈసారి బీరువా సర్దేటప్పుడు వెలిసిన బట్టను మసిగుడ్డల్లో పడేసేముందు ఒక్క క్షణం చూడండి. అందులో ఇంకా తీయడానికి రంగు మిగిలి వుంటే, వేయడానికి బొమ్మా మిగిలి వున్నట్టే.