ఎక్స్‌రే గదికి ఇద్దరు యజమానులు: ఔట్‌సోర్సింగ్ రేడియోగ్రాఫర్ల వృత్తి జీవన నాణ్యత

వృత్తి జీవన నాణ్యతను అంచనా వేయడానికి రిచర్డ్ వాల్టన్ 1973లో ఎనిమిది ప్రమాణాలు ప్రతిపాదించాడు. న్యాయమైన వేతనం, సురక్షితమైన పని పరిస్థితులు, ఎదుగుదల, ఉద్యోగ భద్రత వంటివాటితో పాటు, కక్షసాధింపు భయం లేకుండా నోరు విప్పగలిగే హక్కును కూడా ఆయన లెక్కలో వేశాడు. ఆసుపత్రి రేడియోగ్రాఫర్ల దగ్గరికి వచ్చేసరికి చర్చంతా రేడియేషన్ చుట్టూనే తిరుగుతుంది. ఈ చివరి హక్కు ఎవరికీ గుర్తుకురాదు. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాసుపత్రుల్లో ఏజెన్సీల ద్వారా పనిచేసేవారి విషయంలో మాత్రం ఆ హక్కు లేనిచోట రేడియేషన్ భద్రత కూడా కాగితానికే పరిమితమవుతుందని ఈ వ్యాసం వాదన.

రేడియేషన్‌ను కొలిచే ఏర్పాటు మనకు లేక కాదు. అణుశక్తి నియంత్రణ మండలి సిబ్బందికి నిర్దేశించిన మోతాదు పరిమితి వరుసగా ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30కి మించకూడదు. ఒంటికి తగిలిన మోతాదును లెక్కగట్టేది టీఎల్‌డీ (థర్మోల్యూమినిసెంట్ డోసిమీటర్) బ్యాడ్జి. లోపల మూడు చిన్న బిళ్లలుంటాయి. ఛాతీ దగ్గర, సీసపు ఏప్రాన్ లోపల దాన్ని పెట్టుకోవాలి. మూడు నెలలకోసారి మార్చి ప్రయోగశాలకు పంపుతారు. డ్యూటీ దిగాక ఏప్రాన్‌తో పాటు ఎక్స్‌రే గదిలోనే తగిలించి వెళ్లిపోతే అది మనిషికి తగలని మోతాదును చూపిస్తుంది. సొరుగులో పెట్టి పనిచేస్తే తగిలినదాన్ని దాచేస్తుంది. అంటే ఈ కొలత నిజం కావడం మనిషి సహకారం మీద ఆధారపడి ఉంది. మోతాదు ఎక్కువ వస్తే విచారణ జరుగుతుంది. పర్మినెంటు ఉద్యోగికి అది రక్షణ. వచ్చే ఏడాది ఒప్పందం ఉంటుందో లేదో తెలియనివాడికి అదే విచారణ ముప్పులా కనిపిస్తుంది. పైగా యంత్రానికి లైసెన్సు ఆసుపత్రి పేరున ఉంటే, జీతం ఏజెన్సీ ఇస్తుంది. ఏప్రాన్ చిరిగిందని సూపరింటెండెంటుకు చెబితే ఏజెన్సీని అడగమంటారు. ఏజెన్సీవాళ్లకు ఆ గది తలుపు ఎటుందో కూడా తెలియదు.

సాధారణ ఎక్స్‌రే విభాగాల్లో నమోదయ్యే మోతాదులు పరిమితికి చాలా దిగువనే ఉంటాయి కదా, ఇంత ఆందోళన ఎందుకని అడగవచ్చు. నిజమే, పైగా ఆ మాట నా వాదనకే బలం. మోతాదు తక్కువైన మాత్రాన పని సుఖంగా ఉన్నట్టు కాదు. తుంటి విరిగిన రోగిని స్ట్రెచర్ మీంచి బల్ల మీదికి ఎత్తడం, నైట్ డ్యూటీలో క్యాజువాలిటీ కేసు చూస్తూండగానే పోర్టబుల్ యంత్రాన్ని ఐసీయూకి తోసుకెళ్లడం, ఫిల్మ్ ఆలస్యమైందని బంధువుల చేత మాటలు పడటం ఏ బ్యాడ్జిలోనూ నమోదు కావు. డిజిటల్ ఎక్స్‌రే వచ్చాక శ్రమ తగ్గిందన్నది మరో అభ్యంతరం. డార్క్‌రూమ్, రసాయనాల వాసన పోయిన మాట వాస్తవం. కానీ ఫిల్మ్ కడిగేటప్పుడు దొరికే ఆ కాస్త విరామమూ పోయింది. ఫొటో వెంటనే తెర మీదికి వస్తుంది కాబట్టి క్యూ కూడా అంతే వేగంగా కదలాలంటారు.

జీతం సరిచేస్తే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయనేది బలమైన వాదన. సమాన పనికి సమాన వేతన సూత్రం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2016లో జగ్జీత్ సింగ్ కేసులో చెప్పింది. వేతనం పెరగాల్సిందే. అయితే పెరిగిన జీతమూ ఏటా పునరుద్ధరించే ఒప్పందం మీదే వేలాడుతుంటే, గర్భిణి అయిన టెక్నీషియన్ ఆ సంగతి ముందుగా చెప్పి డ్యూటీ మార్చమని అడగడానికి ఇంకా జంకుతూనే ఉంటుంది. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఈ వృత్తికి గుర్తింపునిచ్చింది. ఎవరి దగ్గర ఏ షరతుల మీద పనిచేయాలో మాత్రం ఇంకా టెండరు పత్రమే తేలుస్తోంది. కనుక మార్పు అక్కడే మొదలుకావాలి. భద్రతా లోపాన్ని ఫిర్యాదు చేసినందుకు ఎవరినీ తొలగించరాదని, ఏజెన్సీ మారినా మనిషి మోతాదు రికార్డు ఆసుపత్రి బాధ్యతలోనే కొనసాగాలని రెండు నిబంధనలు చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. టెండరు పిలిచే అధికారి తలచుకుంటే చాలు.